బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్, హార్న్‌బిల్: నెల్లూరు, ప్రకాశం పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీద బైండు చేసిన పాత సంపుటాలు బయటపడ్డవాళ్ళు, పులికాట్ పక్షుల మీద ప్రాజెక్టు రాసుకునే డిగ్రీ పిల్లలు, పాత పుస్తకాల కొట్లో ఒక కట్ట చూసి కొనాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పత్రిక చరిత్రతో మొదలుపెట్టి, దాన్ని మన జిల్లాల కోసం ఎలా వాడుకోవాలో, ఎలా దాచుకోవాలో చెప్పాం. వరసగానే చదవాలని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

జర్నల్, హార్న్‌బిల్ రెండూ ఒకటేనా?

కాదు. ప్రచురించేది ఒకే సంస్థ, పత్రికలు రెండు. జర్నల్ 1886లో మొదలైంది. అది శాస్త్ర పత్రిక. కొత్త జాతుల వర్ణనలు, సర్వేలు, జాబితాలు, పొలంలోనో అడవిలోనో చూసిన విషయాల మీద చిన్న చిన్న నోట్సు అందులో వస్తాయి. హార్న్‌బిల్ 1976లో మొదలైంది. అది సొసైటీ సభ్యులకూ మామూలు పాఠకులకూ ఉద్దేశించిన రంగుల పత్రిక. మీ చేతిలో ఉన్నది ఏదో తేలకపోతే లోపలి పేజీలు తిప్పండి. వ్యాసం చివర రెండు పేజీల ఆధార గ్రంథాల పట్టిక కనిపిస్తే అది జర్నల్.

1976 మన వైపు కూడా గుర్తుంచుకోదగిన ఏడాదే. నేలపట్టు, పులికాట్ పక్షి రక్షిత కేంద్రాలుగా ప్రకటితమైంది అప్పుడే.

సొసైటీని ఎవరు పెట్టారు?

1883 సెప్టెంబరు 15న బొంబాయిలో ఎనిమిది మంది కూడి పెట్టారు. తాము చూసిన జంతువుల గురించి ఒకరికొకరు చెప్పుకోవడం, దొరికిన నమూనాలు తెచ్చి చూపించుకోవడం, అంతవరకే అప్పటి ఉద్దేశం. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు భారతీయ వైద్యులు: డాక్టర్ ఆత్మారామ్ పాండురంగ్, డాక్టర్ సఖారామ్ అర్జున్. మొత్తం దొరల క్లబ్బు అనుకునేవారికి ఈ సంగతి చెప్పాలి. అయితే తొలి సంపుటాల్లో రాసినవాళ్ళలో ఎక్కువమంది అధికారులు, సైనికులు, తోటల యజమానులే అన్నదీ నిజమే.

1884 జనవరిలో హెచ్.ఎం. ఫిప్సన్ అనే ద్రాక్షసారాయి వ్యాపారి ఫోర్బ్స్ వీధిలోని తన దుకాణంలో ఒక గది ఇచ్చాడు. రెండేళ్ళకు జర్నల్ వెలువడింది. తొలి సంపాదకులు ఇ.హెచ్. ఐట్కెన్, ఆర్.ఎ. స్టెర్న్‌డేల్. ఐట్కెన్ కస్టమ్స్, ఉప్పు శాఖలో ఉద్యోగి. ఉప్పు మడుల వెంట తిరిగే ఉద్యోగం పిట్టలు చూసేవాడికి ఎంత కలిసొస్తుందో కనుపర్తి, ఇస్కపల్లి వైపు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

పత్రికకు హార్న్‌బిల్ అనే పేరు ఎందుకు పెట్టారు?

సొసైటీ గదుల్లో విలియం అనే పెద్ద హార్న్‌బిల్ పక్షి 1894 నుంచి 1920 దాకా బతికింది. సొసైటీ గుర్తులో ఉన్నది ఆ పక్షే. ముంబైలో ప్రధాన కార్యాలయం పేరు హార్న్‌బిల్ హౌస్. పత్రికకూ అదే పేరు వచ్చింది. 1995లో ఊరి పేరు ముంబైగా మారినా సంస్థ పేరులోనూ జర్నల్ పేరులోనూ బొంబాయి అలాగే ఉంది. కాబట్టి లైబ్రరీ జాబితాలో ముంబై అని వెతికితే దొరకదు.

శాస్త్రవేత్తలు కానివాళ్ళు కూడా జర్నల్‌కు రాసేవారా?

రాసేవారు. ఈ పత్రిక విలువలో సగం వాళ్ళదే. ప్రతి సంచిక చివర ‘మిసలేనియస్ నోట్స్’ అనే భాగం ఉంటుంది. అర పేజీ నుంచి రెండు పేజీల దాకా ఉండే చిన్న రాతలు. ఫలానా తేదీన, ఫలానా చెరువులో, ఫలానా పక్షిని ఇన్నింటిని చూశాం. ఈ పాము ఆ పామును మింగుతుంటే చూశాం. ఈ చెట్టు ఈసారి రెండు నెలలు ముందే పూసింది. ఇలాంటివి. రాసినవాళ్ళలో రైల్వే ఇంజినీర్లు, అటవీ అధికారులు, బడి పంతుళ్ళు, డాక్టర్లు ఉన్నారు.

పెద్ద వ్యాసాలకు కాలం చెల్లిపోతుంది. వర్గీకరణ మారుతుంది, సిద్ధాంతం మారుతుంది. తేదీ, చోటు, సంఖ్య సరిగా రాసిన నోటు మాత్రం వందేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది. పాత సంపుటం చేతికొస్తే ముందు చివరి నలభై పేజీలు చూడమనేది అందుకే.

మామూలు పాఠకుడి కోసం ధారావాహికలు కూడా నడిపారు. స్టూవర్ట్ బేకర్ బాతుల మీద రాసినవి, ఫ్రాంక్ వాల్ 1905 నుంచి మామూలు పాముల మీద రంగుల బొమ్మలతో రాసినవి అలాంటివే. సలీం అలీ గిజిగాడి గూళ్ళ మీద చేసిన పరిశీలన 1931లో ఇందులోనే వచ్చింది. మగపక్షి సగం అల్లిన గూటిని ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తవుతుందనీ, ఆ తర్వాత మగపక్షి ఇంకో గూడు మొదలుపెడుతుందనీ తేల్చిన వ్యాసం అది. మన తాటిచెట్లకూ ఈతచెట్లకూ వేలాడే గూళ్ళను చూస్తూ చదవవలసింది.

సంపుటం సంఖ్య ఉంది, ఏడాది లేదు. ఎలా కనుక్కోవాలి?

1960 నుంచి 2010 వరకు ఒక సులువైన లెక్క పనిచేస్తుంది. సంపుటం సంఖ్యకు 1903 కలపండి. 57వ సంపుటం 1960, 67వది 1970, 83వది 1986, 100వది 2003, 107వది 2010.

అంతకు ముందు ఈ లెక్క కుదరదు. ఒక్కో సంపుటం రెండేసి ఏళ్ళకు పాకేది, యుద్ధకాలంలో ఇంకా సాగింది. 34వ సంపుటం 1930–31, 48వది 1948–49. పాతవాటికి సంపుటం మొదట ఉండే విషయసూచిక పేజీ చూడాలి. ప్రతి భాగం ఏ తేదీన బయటికి వచ్చిందో చాలా సంపుటాల్లో అక్కడే అచ్చువేస్తారు. అట్ట మీద ఏప్రిల్ అని ఉన్నంత మాత్రాన ఏప్రిల్లోనే వచ్చిందని కాదు, నెలల ఆలస్యం మామూలే. కొత్త జాతికి ఎవరు ముందు పేరు పెట్టారన్న తగవు వస్తే లెక్కకొచ్చేది పత్రిక నిజంగా వెలువడిన తేదీ, అట్ట మీది నెల కాదు.

బైండు సంపుటంలో అట్టలు లేవు. నష్టమేమైనా ఉందా?

ఉంది. మన బైండర్లు అట్టలు, ప్రకటనలు తీసిపారేసి, మూడు వైపులా కోత వేసి, నున్నగా చేసి ఇస్తారు. అట్ట పోతే సంచిక నెల, ధర, సభ్యుల ప్రకటనలు పోతాయి. కోత వేస్తే రంగుల ప్లేటు (విడిగా అచ్చువేసి చేర్చిన బొమ్మ పేజీ) అంచున ఉన్న చిత్రకారుడి పేరు పోతుంది. ఇకముందు బైండుకు ఇచ్చేటప్పుడు ‘అట్టలు లోపలే ఉంచండి, కోత వద్దు, పిన్నులు తీసి దారంతో కుట్టండి’ అని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెబితే ఆ రోజు పనికుర్రాడు మారిపోతాడు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల గురించి ఈ పత్రికలో ఏముంది?

ముందు జర్నల్ పుట్టకముందు సంగతి చెప్పుకోవాలి. టి.సి. జర్డన్ అనే సైనిక వైద్యుడు 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నాడు. దక్షిణ భారత పక్షుల మీద ఆయన రాసిన జాబితా 1839 నుంచి మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌లో విడతలుగా వచ్చింది. తర్వాత వేసిన పుస్తకాల్లో పక్షుల తెలుగు పేర్లు కూడా ఇంగ్లిషు లిపిలో ఇచ్చాడు. మన వేటగాళ్ళ నోటి నుంచి విన్నవి విన్నట్టు రాసుకున్న పేర్లవి. కొన్ని ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, కొన్ని పోల్చుకోలేనంతగా చెదిరాయి.

ఆయన సేకరించిన ఒక పక్షి ఆధారంగా 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ ఒక కొత్త జాతికి పేరు పెట్టాడు. అదే కలివికోడి. 1900లో హోవర్డ్ క్యాంబెల్ అనంతపురం దగ్గర చూశాక అది మళ్ళీ ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో, స్థానిక వేటగాడి సాయంతో, సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని తిరిగి కనుగొన్నారు. ఆ వివరం జర్నల్ 83వ సంపుటంలో మొదటి పేజీ నుంచే మొదలవుతుంది. ఒక్క సంచికే కొనగలిగితే ఆ సంచిక కొనండి. పక్షి రాత్రిపూట తిరుగుతుంది, కంపపొదల మధ్య ఖాళీ నేల దానికి కావాలి. పెన్నకు ఎగువన అలాంటి నేల మన వైపు కూడా ఉంది కాబట్టి ఆ వ్యాసంలో ఆవాసం గురించి రాసిన భాగం ప్రత్యేకంగా చదవవలసింది.

తూర్పు కనుమల పక్షులకు ప్రధాన ఆధారం వెర్నే సర్వే. 1929–30లో సేకరణ జరిగింది. హ్యూ విస్లర్, ఎన్.బి. కిన్నియర్ కలిసి రాసిన నివేదిక 34 నుంచి 39వ సంపుటం దాకా విడతలుగా వచ్చింది. నల్లమల కొండలు ఇందులో ఉన్నాయి. గిద్దలూరు, మార్కాపురం వైపు పనిచేసేవాళ్ళు ఇది చూడకుండా జాబితా వేయకూడదు.

నేలపట్టు గూడబాతుల మీద పనిచేసేవాళ్ళు రెండు చోట్ల చూడాలి. 48వ సంపుటంలో కె.కె. నీలకంఠన్ 1949లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలోని గూడబాతుల గూళ్ళ గురించి రాశారు. 1983 నాటి 80వ సంపుటంలో దక్షిణాదిలో గూడబాతులు గూళ్ళు పెట్టే చోట్ల సర్వే ఉంది. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్ళు పెట్టే ఈ పక్షులు ఈశాన్య రుతుపవనాల వానలతో చెరువు నిండాక జత కడతాయి. వాన ఆలస్యమైన ఏడాది గూళ్ళు కూడా ఆలస్యం. పాత లెక్కతో ఇప్పటి లెక్క పోల్చేటప్పుడు నెల చూసి పోల్చండి. జనవరి లెక్కనూ నవంబరు లెక్కనూ పక్కపక్కన పెడితే తప్పుడు అర్థం వస్తుంది.

నెల్లూరు అని వెతికితే బ్రెజిల్ ఆవులు వస్తున్నాయి. ఏం చేయాలి?

ఒంగోలు జాతి పశువులు నెల్లూరు జిల్లా పేరుతో బ్రెజిల్ వెళ్ళాయి. అక్కడ వాటి పేరు నెలోరె. పోర్చుగీసు వాళ్ళు ఒకే ‘ఎల్’ రాస్తారు, కాని ఇంగ్లిషు వ్యాసాలు చాలావాటిలో రెండు ‘ఎల్’లు ఉంటాయి. అందుకే స్కాన్ చేసిన పుస్తకాల సైట్లలో ఫలితాలు ఆవులతో, నెల్లూరు జాతి గొర్రెలతో నిండిపోతాయి. నెల్లూరు పేరుతో పాటు మద్రాస్, పెన్నార్, పులికాట్, ఈస్టర్న్ ఘాట్స్ వంటి ఒక మాట జోడించి వెతకండి.

ఇక ఏమీ రాకపోవడానికి కారణాలు రెండు. మొదటిది స్పెల్లింగు. పాత రాతల్లో కడప, కంభం, కావలి మొదటి అక్షరం ‘కె’ కాకుండా ‘సి’ ఉండవచ్చు. సూళ్ళూరుపేట చివర ‘పేట్’ అని ఒకచోట, ‘పెట్టా’ అని ఇంకోచోట ఉంటుంది. ఉదయగిరి ‘ఓ’తో మొదలవుతుంది. స్కాన్ నుంచి అక్షరాలు గుర్తించే యంత్రం కూడా తప్పులు చేస్తుంది. పేరు చివరి ‘ఇ’ని ‘సి’గా చదవడం చాలా మామూలు. చివరి అక్షరం వదిలేసి వెతికితే కొన్ని బయటపడతాయి.

రెండోది జిల్లా సరిహద్దులు. ఇది పట్టించుకోకే చాలామంది తమ ఊరి రికార్డును పోగొట్టుకుంటారు. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ ఏడాది గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరులోనే ఉన్నాయి. గిద్దలూరు, మార్కాపురం కర్నూలులో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఈ మూడు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కాబట్టి 1930 నాటి నోటులో ప్రకాశం అనే జిల్లా కోసం వెతకడం వృథా. మార్కాపురం రికార్డు కర్నూలు కింద, కనిగిరి రికార్డు నెల్లూరు కింద ఉంటాయి.

2022 ఏప్రిల్లో ఇంకో మార్పు. గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. నేలపట్టు, దొరవారిసత్రం, శ్రీహరికోట వాటితో పాటే వెళ్ళాయి. కందుకూరు నెల్లూరుకు వచ్చింది. అద్దంకి, చీరాల బాపట్లలో చేరాయి. అందుకే ‘నెల్లూరు జిల్లాలో ఇన్ని జాతులు’ అని ఎవరైనా రాస్తే ఏ సంవత్సరపు నెల్లూరు జిల్లా అని అడగండి. పులికాట్‌తో కలిపిన జాబితాకూ, పులికాట్ లేని జాబితాకూ మధ్య తేడా చిన్నది కాదు.

పాత పక్షి పేర్లు ఇప్పటి పుస్తకంలో కనిపించడం లేదు.

ఇంగ్లిషు పేర్లు మారాయి, శాస్త్రీయ నామంలో మొదటి మాట కూడా మారింది. రెండో మాట చాలావరకు నిలుస్తుంది, దాన్ని పట్టుకుని వెతకండి. కలివికోడి మొదట కర్సోరియస్ బైటార్‌క్వేటస్, ఇప్పుడు రైనాప్టిలస్ బైటార్‌క్వేటస్. ఎర్రకాళ్ళ కొంగకు మొదటి మాట ఎన్నోసార్లు మారింది, ల్యూకోసెఫాలా మాత్రం అలాగే ఉంది. గ్రే పెలికాన్ అని ఉన్నది ఇప్పటి స్పాట్‌బిల్డ్ పెలికాన్, మన గూడబాతే.

అమెరికా నుంచి వచ్చే నేచురల్ హిస్టరీ పత్రిక దీనికి సంబంధించినదేనా?

సంబంధం లేదు. అది న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ మొదలుపెట్టిన పత్రిక. 1900లో అమెరికన్ మ్యూజియం జర్నల్ పేరుతో మొదలై 1919లో పేరు మార్చుకుంది. స్టీఫెన్ జే గూల్డ్ 1974 నుంచి 2001 దాకా నెలనెలా రాసిన మూడు వందల వ్యాసాలు అందులోవే. 2002లో మ్యూజియం నుంచి విడిపోయింది. పాత పుస్తకాల కొట్లలో ఎక్కువగా దొరికే పసుపు అంచు పత్రిక నేషనల్ జియోగ్రాఫిక్, అది 1888 నుంచి ఉంది. మన దేశంలోనే వన్యప్రాణుల మీద రంగుల్లో వచ్చే శాంక్చువరీ 1981లో మొదలైంది.

తెలుగులో ఇలాంటిది లేదా?

పిల్లల కోసం జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి ఉంది, అందులో జీవజాలం ఒక భాగం. ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం (ఇప్పటి పేరు డెక్కన్ బర్డర్స్) వెలువరించే పత్రిక పేరు పిట్ట, పేరు తెలుగే గాని రాత ఇంగ్లిషు. మొక్కల తెలుగు పేర్లు కావలసినవాళ్ళు 1859లో వాల్టర్ ఇలియట్ వేసిన ఫ్లోరా ఆంధ్రికా చూడాలి. నెల్లూరు జిల్లా జంతుజాలానికి 1873 నాటి బాస్వెల్ మాన్యువల్ కూడా పక్కన పెట్టుకోండి.

పాత సంచికలు ఎక్కడ చదవవచ్చు?

ఇంటర్నెట్టులో బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో జర్నల్ సంపుటాలు ఉచితంగా ఉన్నాయి. అక్కడ ముందు సంపుటం ఎంచుకుని, తర్వాత పేజీ సంఖ్య నొక్కండి. మొత్తం సంపుటం పీడీఎఫ్ దించుకోవాలంటే ఫైలు పెద్దది, ఫోనులో సగంలో ఆగిపోతుంది. కావలసిన పేజీలు మాత్రమే ఎంచుకుని దించుకునే వీలుంది, అదే వాడండి.

కాగితం మీదే చూడాలంటే మనకు దగ్గరిది చెన్నై ఎగ్మూరులోని కన్నెమెరా గ్రంథాలయం. దేశంలో అచ్చయ్యే పుస్తకాలు, పత్రికలు చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. గుర్తింపు కార్డు, సంపుటం సంఖ్య, పేజీ సంఖ్య రాసుకుని వెళ్ళండి. ‘నెల్లూరు పక్షుల మీద ఏదైనా’ అని అడిగితే పొద్దు గడిచిపోతుంది.

పాత కొట్లో కట్ట దొరికితే ఏం చూసుకుని కొనాలి?

మొదట ప్లేట్లు. సంపుటం ముందు ప్లేట్ల జాబితా ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. బాతులు, పాములు, చెట్ల రంగుల బొమ్మలు చింపి ఫ్రేము కట్టి అమ్మేవాళ్ళు ఎక్కువ. చింపిన చోట కుట్టు దగ్గర సన్నటి కాగితం అంచు మిగులుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ప్లేట్లు లేని సంపుటానికి పూర్తి ధర ఇవ్వకండి, చదువుకోవడానికైతే స్కాన్లు ఉచితంగానే ఉన్నాయి.

తర్వాత వాసన. ముక్కిన వాసన, నల్లటి చుక్కలు ఉంటే బూజు బతికే ఉంది. దాన్ని ఇంట్లో మిగతా పుస్తకాల పక్కన పెట్టారో, అవీ పోతాయి. లైబ్రరీ ముద్ర ఉంటే, తొలగించినట్టు ఇంకో ముద్ర కూడా ఉందో లేదో చూడండి. అది లేకపోతే పుస్తకం ఎక్కడిదో అడగాలి.

కోస్తా ఉక్కలో ఎలా దాచాలి?

గాలిలో తేమ 60 శాతం దాటితే బూజు, 40 శాతం కంటే తగ్గితే కాగితం పెళుసు. మన దగ్గర భయం మొదటిదే. చిన్న తేమ మీటరు కొని బీరువాలో పెట్టండి. బీరువా గోడకు నాలుగంగుళాలు ఎడంగా, నేల నుంచి అంతే ఎత్తులో ఉండాలి. గోడకు ఆనించిన బీరువా వెనక వానాకాలంలో చెమ్మ, చెమ్మ వెంట చెదలు. పుస్తకాలను మరీ బిగించి కుక్కకండి, గాలి ఆడాలి. నెలకొకసారి పొడిగా ఉన్న రోజు తలుపులు తెరిచి ఫ్యాను వేయండి. ఎండలో మాత్రం పెట్టవద్దు. రంగుల ప్లేట్లు వెలిసిపోతాయి, అట్టలు వంకర పోతాయి.

కలరా ఉండలు పురుగును కొంత దూరంగా ఉంచుతాయి గాని బూజును ఆపవు, మూసిన గదిలో ఆ వాసన మనుషులకు మంచిది కాదు. వేపాకు ఎండినంతసేపే పనిచేస్తుంది, తర్వాత ఆకుపొడి దానంతట అదే తేమ పట్టుకుంటుంది. సిలికా జెల్ పొట్లాలు మేలు, రంగు మారినప్పుడు వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు.

బైండర్ల మైదా జిగురు కాగితం పురుగుకు విందు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. పురుగు ఆగుతుంది నిజమే, కాని ఆ తుత్తం కాలక్రమంలో కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి పెళుసు చేస్తుంది. చిరుగులు అతికించడానికి గోధుమ పిండి నుంచి తీసిన గంజిపొడి ఒక వంతు, నీళ్ళు ఐదు వంతులు కలిపి సన్న సెగ మీద చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించి, చల్లార్చి, పలుచటి జపనీస్ కాగితంతో అతకండి. ఏ రోజు జిగురు ఆ రోజే. సెల్లోటేపు వద్దే వద్దు. పదేళ్ళకు టేపు ఊడిపోయి జిగురు మరక మాత్రం మిగులుతుంది.

హార్న్‌బిల్ లాంటి పలచటి సంచికల పిన్నులు తుప్పు పడతాయి. పిన్ను కాళ్ళు వెనక నుంచి పలచటి చాకుతో లేపి, ముందు వైపు నుంచి లాగండి. అవే రంధ్రాల్లో నూలుదారం కట్టండి.

వరదలో తడిసిపోయాయి. ఇంకేం చేయలేమా?

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు, కోవూరు వైపు చాలా ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. అలాంటప్పుడు చేతిలో ఉండేది రెండు రోజులు, 48 గంటలు దాటితే బూజు మొదలవుతుంది.

ముందు కాగితం రకం చూడండి. పాత జర్నల్ వచన పేజీలు గరుకు కాగితం. వాటిని నిలబెట్టి, కొద్దిగా విప్పి, ప్రతి ఇరవై పేజీలకు ఒక అచ్చువేయని తెల్ల న్యూస్‌ప్రింటు కాగితం దూర్చి, ఫ్యాను గాలి పక్కకు తగిలేలా పెట్టండి. రెండు గంటలకొకసారి కాగితాలు మార్చండి. అచ్చు దినపత్రిక వాడితే సిరా అంటుకుంటుంది.

హార్న్‌బిల్, నేషనల్ జియోగ్రాఫిక్ లాంటివి నున్నటి ఆర్టు కాగితం. అది ఆరేటప్పుడు పేజీకి పేజీ అతుక్కుని ఇటుకలా అవుతుంది, ఆ తర్వాత ఎవరూ విడదీయలేరు. కాబట్టి వాటిని తడిగా ఉండగానే, విప్పకుండా, ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫ్రిజ్ డీప్ ఫ్రీజరులో పెట్టండి. గడ్డకట్టాక బూజు ఆగుతుంది, తొందర తీరుతుంది. తర్వాత ఒక్కొక్క సంచిక తీసి, కరుగుతుండగా పేజీల మధ్య సిలికాన్ పూసిన బేకింగు కాగితం పెడుతూ ఆరబెట్టండి. బురద ఉంటే గడ్డకట్టించే ముందే, పుస్తకం మూసి పట్టుకుని, మంచినీళ్ళ తొట్టిలో ముంచి కడగండి. రుద్దకండి. ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యరు రెండూ నష్టమే చేస్తాయి.

స్కాన్ చేసి పదిమందికీ పంచవచ్చా?

మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళకు హక్కు ముగుస్తుంది. ఐట్కెన్ 1909లో, ఫ్రాంక్ వాల్ 1950లో పోయారు కాబట్టి వాళ్ళవి పంచుకోవచ్చు. సలీం అలీ 1987లో పోయారు కాబట్టి ఆయన వ్యాసాలకు 2047 చివరిదాకా హక్కు ఉంది. ఫోటోలకు పూర్వం ప్రచురణ నుంచి 60 ఏళ్ళు ఉండేది, 2012 సవరణ తర్వాత వాటికీ తీసినవారు చనిపోయాక 60 ఏళ్ళే. మీ చదువు కోసం ఒక వ్యాసం నకలు తీసుకోవడం వేరు, మొత్తం సంచికను వాట్సాప్ గ్రూపులో పెట్టడం వేరు.

వచనానికి 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ప్లేట్లకు 600 చాలు. ఫైలు పేరులో సంపుటం, భాగం, పేజీ మూడూ రాయండి.

చనిపోయిన కొంగ కాలికి రింగు దొరికింది, దాని మీద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ అని ఉంది.

పారేయకండి. 1959 నుంచి సొసైటీ వలస పక్షులకు పెద్ద ఎత్తున రింగులు వేస్తోంది. రింగు మీది అక్షరం, సంఖ్య ఉన్నవి ఉన్నట్టు రాసుకుని, దొరికిన తేదీ, ఊరు, పక్షి ఎలా చనిపోయిందో జతచేసి ముంబై కార్యాలయానికి పంపండి. రింగు సన్నగా అరిగి ఉంటే తెల్ల కాగితం కింద పెట్టి పెన్సిలుతో రుద్దండి, అంకెలు తేలతాయి. పక్షి బతికి ఉంటే ఫోటో తీసి వదిలేయండి, రింగు మాత్రం తీయకండి.

మేమూ ఒక నోటు పంపవచ్చా? ఏం రాయాలి?

పంపవచ్చు. అచ్చవకుండా తిరిగొచ్చే నోట్లలో ఎక్కువ భాగానికి ఒకే లోపం: చోటు సరిగా చెప్పకపోవడం. ‘నెల్లూరు దగ్గర చెరువు’ అంటే సరిపోదు. గ్రామం, మండలం, అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశాల దాకా రాయండి. జిల్లా గీత రేపు మళ్ళీ మారినా అవి మారవు. తేదీ, సమయం, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నుంచి, బైనాక్యులరు ఏ శక్తిది, ఎన్ని పక్షులు, వాటిలో పిల్లలెన్ని, ఇవన్నీ అక్కడే నోటుబుక్కులో రాసుకోవాలి, ఇంటికొచ్చాక కాదు.

తర్వాత పోలికలు. మీరు చూసింది నత్తగుల్ల కొంగ అయితే, అది ఎర్రకాళ్ళ కొంగ కాదని ఎలా తేల్చారో ఒక వాక్యం ఉండాలి. ముక్కు మధ్య సందు కనిపించిందా, లేదా? అనుమానం ఉంటే అనుమానం ఉందనే రాయండి. ఆ తర్వాత పాత రికార్డులు: ఇదే పక్షిని ఈ ప్రాంతంలో ఇంతకుముందు ఎవరు చూశారు. పైన చెప్పిన పాత జిల్లా పేర్లు, పాత స్పెల్లింగులు పనికొచ్చేది ఇక్కడే. మొత్తం ఐదు వందల మాటలకు మించనక్కర్లేదు. ఫోటో ఉంటే ఎడిట్ చేయని అసలు ఫైలు పంపండి.

అరుదైన పక్షి గూడు అయితే ఖచ్చితమైన చోటు సంపాదకుడికి విడిగా తెలియజేసి, అచ్చులో మండలం పేరుతో ఆపమని అడగండి.

ఇంగ్లిషు రాదని ఆగిపోకండి. నోటుబుక్కు తెలుగులోనే రాసుకుని, పక్షి శాస్త్రీయ నామం, అంకెలు సరిచూసుకుంటే, మిగతా అనువాదం కాలేజీ జువాలజీ విభాగంలో ఎవరైనా ఒక పూటలో చేసిపెడతారు. పంపిన నోటు నకలూ, అసలు నోటుబుక్కూ మీ దగ్గరే ఉంచుకోండి. సంపాదకుడి నుంచి ప్రశ్న రావడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, అప్పుడు గుర్తు తెచ్చుకుని జవాబివ్వడం కుదరదు.